రోడాన్ గీసిన కంబోడియా నర్తకి: ఇది బొమ్మా, చిత్తు గీతలా?

తాళంతప్పింది: 1906లో కంబోడియా రాజు సిసొవాత్ ఫ్రాన్స్ వెళ్లినప్పుడు రాజనర్తకుల బృందం కూడా వెంట వెళ్లింది. ప్యారిస్‌లో వాళ్ల నాట్యం చూసి ముచ్చటపడ్డ శిల్పి రోడాన్, మార్సెయ్ దాకా వాళ్ల వెనకే వెళ్లి 150 దాకా బొమ్మలు గీశాడు. పెన్సిల్ గీత, పైన వాటర్‌కలర్. ముఖంలో కళ్లూ ముక్కూ లీలగా ఉంటాయి, రంగేమో గీత దాటి పోతుంది. ఆ పేరే లేకపోతే వీటికి ఎవరైనా ఫ్రేమ్ కట్టించేవాళ్లా?

నీటిరంగు: కట్టించేవాళ్లేనండీ. ఆ పెన్సిల్ గీతకి, రంగుకి మధ్య కాలం తేడా ఉంది, అది గమనించండి. నర్తకి మీంచి చూపు తిప్పకుండా, కాగితం కేసి చూడకుండా గీయడం అప్పటికే ఆయనకి అలవాటు. అందుకే చేయి ఒకటే అయినా గీతలు రెండు మూడు పడతాయి. రంగు వేసింది మాత్రం తర్వాత, తీరిగ్గా. గీత లోపలే రంగు నింపాలనుకుంటే ఎంతసేపు పని? నింపలేదు. గీత చేయి ఆగిన చోటు చెబుతుంది, పొంగిన రంగు ఆ చేయి ఇంకా కదులుతోందని చెబుతుంది. తడి కుంచెతో ఒక్క పూత పూసి వదిలెయ్యడానికి ధైర్యం కావాలి. నేర్చుకునేవాళ్లం మనమైతే మళ్లీ మళ్లీ దిద్ది కాగితం పాడుచేస్తాం.

అంచుగీత: టెక్నిక్ సంగతి సరే. ఆ నర్తకి ఎక్కడ? జరీ బట్టలు, నగలు, కిరీటం చాలావరకు ఎగిరిపోయాయి. మార్సెయ్‌లో అప్పుడు జరుగుతున్నది వలసరాజ్యాల ప్రదర్శన. కంబోడియా ఫ్రాన్స్ చేతికింద ఉంది. ఆమెను అక్కడ నిలబెట్టిందే చూపించుకోవడానికి. ఈయన ఆమె పేరూ ఊరూ వదిలేసి ఒళ్లు విరుపు ఒక్కటి పట్టుకున్నాడు.

నీటిరంగు: నగలు వదిలాడు గానీ చేతులు వదల్లేదు కదండీ. వేళ్లు విల్లులా వెనక్కి వంగడం ఆ నాట్యంలో ముఖ్యం, చిన్నప్పటినుంచీ సాధన చేస్తే గానీ రాదు. ముఖం మీద పెట్టని శ్రద్ధ ఆ వేళ్ల మీద పెట్టాడు. ఆమె విద్య ఉన్నది అక్కడే.

అంచుగీత: ఆ నాట్యంలో ఒక్కో చేతి ముద్రకీ ఒక అర్థం ఉంటుంది. ఈయన గీసింది వంపు వరకే. ఆమె ఏం చెబుతోందో ఈ బొమ్మ చూసి చెప్పగలరా?

తాళంతప్పింది: చెప్పలేం. అయినా వేళ్ల మాట విన్నాక చిత్తు గీతలు అనబుద్ధి కావడం లేదు. ముఖం విషయంలో మాత్రం నా మాట నాదే.