జనవరి గాలి ఇచ్చింది బోణీయా?

రెండు రోజులుగా స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ పాటలోని ఒక పాదం నోట్లో నలుగుతోంది. తాను పుట్టిననాటి గురించి, తనను రాబిన్ అని పిలుచుకుంటూ రాసుకున్నది. జనవరి గాలి విసురుగా వచ్చి రాబిన్‌కు ‘హాన్సెల్’ ఊదిపోయిందంటాడు. కొత్త ఆరంభానికి మంచి జరగాలని ఇచ్చేది హాన్సెల్. దీనికి తెలుగు మాట ఏది? ‘కానుక’ అని రాసి కొట్టేశాను.

— బోణీ. సందేహం అక్కరలేదు. స్కాట్లండు అంగళ్లలో రోజులో మొదటి బేరానికీ హాన్సెల్ అనే మాటే.

— బోణీ అమ్మేవాడికి దక్కేది. పసివాడు ఏమి అమ్మాడు? హాన్సెల్ అనే మాట మొదట్లో ఉన్నది ‘హ్యాండ్’, అంటే చెయ్యి. చేతిలో చెయ్యి వేసి బేరం ఖాయం చేసుకోవడం పాత అర్థం. కనుక ‘బయానా’. ముందు ముందు రాబోయే కష్టాలకు గాలి ఇచ్చిన బయానా.

— బర్న్స్ పుట్టిన ఊరు అల్లోవేలో ఏమి జరిగిందో కూడా చూడండి మాస్టారూ. తండ్రి విలియం 1757లో స్వయంగా కట్టుకున్న మట్టి ఇల్లది. గడ్డి కప్పు, ఆ కప్పు కిందే పశువుల కొట్టం. పక్కగోడలో పొయ్యికి రెండు రాతి నిలువులు, పైన అడ్డరాయి పెట్టి పొగగొట్టం లేపాడు. మట్టి కుంగింది, రాళ్లు కుంగలేదు, గోడ ఒరిగింది. ఒక తెల్లవారుజామున తుపానుకు కొంత కూలితే బాలింతనూ బిడ్డనూ ఆ హోరులోనే పొరుగింటికి చేర్చారు. వారం అక్కడే ఉన్నారు. తమ్ముడు గిల్బర్ట్ చెప్పిన సంగతి. గాలి ఇచ్చింది ఇదే!

— అప్పటికి బిడ్డకు తొమ్మిది పది రోజులని కూడా గిల్బర్టే అన్నాడు. పుట్టింది 1759 జనవరి 25న. లెక్క కడితే ఫిబ్రవరి వస్తుంది. పాటలోది ఇరవై అయిదో తేదీ గాలి. గోడ కూల్చినది వేరు.

— లెక్క సరే. ఇంట్లో పదేపదే విన్న కథ కదా, కవి రెండు గాలులనూ ఒకటి చేసి ఉండవచ్చు. అల్లోవే గోడలంటే ఆయనకు ప్రాణం. తండ్రి సమాధి ఉన్న పాత చర్చికి అప్పటికే కప్పు లేదు. దాని బొమ్మ వేయమని, పాత కట్టడాల గురించి పుస్తకాలు రాసే ఫ్రాన్సిస్ గ్రోస్‌ను అడిగితే, దయ్యాల కథ రాసిస్తే వేస్తానన్నాడు. ‘టామ్ ఓ షాంటర్’ కావ్యం అలా పుట్టింది. అందులో ఆ చర్చి కిటికీ వెలుగు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

— మాట దగ్గరికి వద్దామండీ. మా ఇళ్లలో పురిటి బిడ్డను తొలిసారి చూసినవాళ్లు గుప్పిట విప్పి నోటు పెడతారు. బిడ్డ దాన్ని నలిపి పట్టుకుంటుంది. స్కాట్లండులో వెండి నాణెం పెట్టేవారు, అదీ హాన్సెలే. దానికి మనకు పేరుందా?

— ‘చేతిలో పెట్టడం’ అంటాం. ‘జనవరి గాలి రాబిన్ చేతిలో పెట్టి పోయింది’ అని రాయండి.

— ఏమి పెట్టిందని అడుగుతారు చదివేవాళ్లు. నేను బోణీ దగ్గరే ఉన్నాను.