ఆసులో కండెనా, గొట్టమా?

నూలుపోగు: ఊరికే ఇంట్లోకీ వీధిలోకీ తిరిగితే మా నాయనమ్మ "ఆసులో గొట్టంలా ఏమిటా తిరుగుడు" అనేది. నిన్న ఒకచోట "ఆసులో కండెలా" అని కనిపించింది. అసలు మాట ఏది?

పాతపుస్తకం: కండే. కండె అంటే తెలియనివారు గొట్టం చేసి ఉంటారు.

గుంటమగ్గం: తెలియనివారు కాదండీ. నూలు చుట్టితే కండె, చుట్టకపోతే వట్టి గొట్టం. చిక్కు అక్కడ లేదు. కండె ఉండేది నాడెలో, అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టులో. నాడె ఆడేది మగ్గం మీద. ఆసులో దానికేం పని? పోచంపల్లి వైపు ఆసు, అంటే రంగులద్దే ముందు నూలు చుట్టే చట్రం, చూడండి: అర్ధచంద్రాకారంగా మేకులు, ఎదురుగా ఒక మేకు, మధ్య దారంతో చేయి అటూ ఇటూ ఆడాలి, చీరకు సుమారు 9,000 సార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరు పెట్టారు. ఆసులో తిరిగేది మనిషి చేయి!

చీరాలమ్మాయి: మా ఇంట్లో ఆసు పోయడమంటే పడుగు, అంటే నిలువు పోగులు, సిద్ధం చేయడం. మీ ఆసు వేరు, మా ఆసు వేరు.

హాలికుడు: ముందు కండె సంగతి తేల్చండి. ఆ మాట మాది. మొక్కజొన్న కండెను చూసే నేతగాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు.

గుంటమగ్గం: మొక్కజొన్న అమెరికా నుంచి వచ్చిన పంట. అప్పటిదాకా మా వాళ్లు బట్ట నేయలేదంటారా?

హాలికుడు: భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశంలో మొదటి సంపుటం, 1962లో, వ్యవసాయానికే. చేనేతకు 1971 దాకా ఆగవలసి వచ్చింది. వరస గమనించగలరు. పోతన చాటువు కూడా "హాలికులైన నేమి" అని నాగలి పట్టినవారినే అన్నది, సాలికులని, అంటే నేతగాళ్లని, అనలేదు.

పాతపుస్తకం: ఆ వెంటనే "గహనాంతర సీమల కందమూల గౌద్దాలికులైన నేమి" అని గడ్డలు తవ్వుకునేవారినీ కలిపింది. మీకు ప్రత్యేక పీట వేయలేదు.

హాలికుడు: "గౌద్దాలికులు" కాదు, "కౌద్దాలికులు". కుద్దాలం, అంటే గుద్దలి, పట్టినవాడు.

పాతపుస్తకం: నేను విన్నది గకారమే. సరళాదేశం, అంటే క గ గా మారడం.

హాలికుడు: కందమూలం, కౌద్దాలికుడు రెండూ తత్సమాలు, అంటే సంస్కృతపు మాటలు, పైగా సమాసం. అక్కడ సరళాదేశం ఎలా వస్తుంది?

నూలుపోగు: అయితే మా నాయనమ్మ అన్నది తప్పా, ఒప్పా?

పాతపుస్తకం: ఆగండి, ముందు ఈ కకారం తేలనివ్వండి.