ఇది కొండపల్లి కోట తూటా అచ్చేనా?

బెజవాడ చిల్లర:
వన్‌టౌన్‌లో పాత ఇనప సామాన్ల కొట్లో ఆరు వందలు పెట్టి కొన్నాను. అచ్చం అడకత్తెరలా ఉంది. నోట్లో రెండు అర గుంతలు, మూస్తే గోళీ అంత ఖాళీ, పైన సీసం పోయడానికి కంత. పిడి మీద 16 అని కొట్టి ఉంది, అంతే. కొండపల్లి కోట సరుకంటాడు కొట్టాయన. నమ్మొచ్చా?

వలగుండు:
తూటా ఏమిటండీ! విసురు వలకి కట్టే సీసం గుండ్ల అచ్చది. సీతానగరంలో మా తాత ఇంట్లోనే పోసుకునేవాడు.

తూకంరాయి:
వల గుండుకి తాడు దూరే బెజ్జం కావాలి కదండీ. అచ్చులో కడ్డీ పెట్టే గాడి ఉండాలి, ఫోటోలో లేదు. పిడుల మధ్య కోత అంచు చూడండి, అది కంతలో మిగిలే సీసపు తోకని కత్తిరించడానికి. తోక ఉంటే గుండు తుపాకీ గొట్టంలో సరిగ్గా దిగదు. వలకైతే తోకున్నా ఎవరికి పట్టింది? ఇక 16 అంటే ఇంగ్లీషువాళ్ల పౌను తూకం సీసానికి 16 గుండ్లని లెక్క.

కొండవీటిబాట:
ఫ్రెంచివాళ్లది ఎందుకు కాకూడదు? 1753లో కొండపల్లి సర్కారు, అంటే ఆ జిల్లా, ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చింది. ఇంగ్లీషువాళ్లు కోట పట్టుకున్నది 1766లోనే.

తూకంరాయి:
మంచి ప్రశ్న. ఇంగ్లీషు పౌను 453.6 గ్రాములు. అందులో 16వ వంతు సీసం గుండు చేస్తే అడ్డుకొలత 16.8 మి.మీ. ఫ్రెంచి పౌను సుమారు 489 గ్రాములు, దాని ప్రకారం 17.3 రావాలి. అర మిల్లీమీటరు తేడా వెర్నియర్ కొలత పరికరానికి దొరికిపోతుంది. చిల్లర గారూ, సీసం మాత్రం కరిగించకండి. విషం, పైగా లైసెన్సు లేకుండా తూటా పోస్తే కేసు. మైనం వద్దు, చల్లారితే ముడుచుకుంటుంది. లోపల నూనె రాసి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి.

బెజవాడ చిల్లర:
పోశాను. మూడు చోట్ల కొలిస్తే 16.8, 16.9, 16.8.

కొండవీటిబాట:
సరే, ఫ్రెంచి మాట వదిలేశా. కంపెనీ సిపాయిది కావచ్చుగా?

తూకంరాయి:
వాళ్ల బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం 19 మి.మీ., గుండు 17.5 దాకా ఉండేది. ఇది అందులో మరీ వదులు. అయినా ఒక్కో గుండు పోసే పట్టకారుతో పటాలానికి ఎప్పటికి పోస్తారు? సైన్యానికి ఒకేసారి చాలా గుండ్లు దిగే అచ్చులుండేవి. నాకైతే 14, 15 బోరు (గొట్టం కొలత, ఇదీ పౌనుకి ఎన్ని గుండ్లన్న లెక్కే) వేట తుపాకీతో వచ్చిన అచ్చులా ఉంది. ఆ తుపాకీ ఏ ఊళ్లో పేలిందో అంకె చెప్పదు. కోట కథకి కొట్టాయన నోరు తప్ప సాక్ష్యం లేదు.

వలగుండు:
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, మా తాత అచ్చుకీ గాడి లేదు. బెజ్జం తర్వాత తొలిచేవాడు. దీనికేమంటారు?

తూకంరాయి:
మరి ఆయన అచ్చు మీద 16 ఉందా?

వలగుండు:
చూడాలండీ. అటక మీదుంది.

బెజవాడ చిల్లర:
కొట్టాయనకి ఇదంతా చెప్పాను. "అయితే వెనక్కిచ్చెయ్, కోటదని చెప్పి వెయ్యికి అమ్ముకుంటా" అన్నాడు. ఇవ్వలేదు.