పిల్లలు ఆ మాట చెప్పినప్పుడు మీరేం చేశారు?

వానచినుకు:
మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. కొన్ని నెలల కిందట జడ వేస్తుంటే, వెనక్కి తిరక్కుండానే అడిగింది: "పిన్నీ, ఎవరికీ చెప్పొద్దని పెద్దవాళ్లు అంటే, చెప్పకూడదా?" నా చెయ్యి ఆగిపోయింది. "ఏంటది?" అన్నాను, గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది. "ఏం లేదు" అంది, అంతే. నాలుగు రోజుల తర్వాత తనే ఇంకో ముక్క చెప్పింది, ఇంటికి వచ్చే ఒకాయన గురించి. ఇప్పుడు లైంగిక వేధింపుల కేసు నడుస్తోంది, పాప నా దగ్గరే ఉంటోంది. ఆ మొదటి రోజు నేను చేసింది తప్పా అన్నదే తెగడం లేదు. మీకు ఎదురైతే ఏం చేశారో చెప్పండి. ఎవరినైనా గుర్తుపట్టేలా మాత్రం రాయకండి.

రెండోబెంచి:
నేను చెప్పిన పిల్లనే. ఎనిమిదేళ్లప్పుడు అమ్మతో "ఆయన మంచివాడు కాదు, నేను వాళ్లింటికి వెళ్లను" అన్నాను. "పెద్దవాళ్లను అలా అంటారా?" అని కసిరింది. నా లెక్కలో నేను చెప్పేశాను. అమ్మ లెక్కలో అది నా పొగరు. ముప్పై దాటాక మొత్తం చెప్పినప్పుడు ఏడ్చి, "అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అంది. చెప్పానమ్మా అన్నాను. ఆ తిట్టు ఆవిడకూ గుర్తుంది. ఎందుకు తిట్టిందో మాత్రం గుర్తులేదు.

మెట్లదారి:
పిల్లల కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను. ఇద్దరూ రాసింది నేను తరచూ వినేదే. పిల్లలు కూర్చుని కథలా చెప్పరు. ముందు ఓ చిన్న ముక్క వదిలి మన మొహం చూస్తారు. తట్టుకుంటారనిపిస్తే ఇంకో ముక్క. లేదంటే "ఊరికే అన్నా" అని మాట మార్చేస్తారు. రోలాండ్ సమ్మిట్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1983లోనే ఈ తీరును వివరించాడు: రహస్యంగా ఉంచడం, నిస్సహాయత, సర్దుకుపోవడం, ఆలస్యంగా తడబడుతూ చెప్పడం, చివరికి చెప్పింది వెనక్కి తీసుకోవడం.

ఆ చివరిది ఇంట్లోవాళ్లను బాగా తికమక పెడుతుంది. అమెరికాలో నిర్ధారణైన 257 కేసులు చూసి 2007లో వచ్చిన పరిశోధనలో, దాదాపు నాలుగో వంతు పిల్లలు ఏదో ఒక దశలో మాట వెనక్కి తీసుకున్నారు. చిన్నపిల్లలు, ఇంట్లో తండ్రి స్థానంలో ఉన్నవాళ్ల చేతిలో నలిగినవాళ్లు, మిగతా పెద్దవాళ్ల అండ లేనివాళ్లు ఎక్కువగా అలా చేశారు. "అబద్ధమని తనే ఒప్పుకుంది" అని ఊపిరి పీల్చుకునే ముందు, ఆ వారంలో ఆ పిల్లతో ఎవరెవరు ఏం మాట్లాడారో కనుక్కోండి.

పాతసైకిల్:
నేను చేసిన పొరపాటు చెప్తాను. మావాడు నోరు విప్పిన రాత్రి కూర్చోబెట్టి "ఇలా చేశాడా? అలా చేశాడా?" అని నేనే అడుగుతూ ఫోన్‌లో వీడియో తీశాను. సాక్ష్యం అనుకున్నాను. తర్వాత వాడి అమ్మ అడిగింది, మా నాన్న అడిగాడు. కేసు కోసం చేసే అసలు ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి వాడు అలసిపోయి అన్నిటికీ "ఊఁ" అంటున్నాడు. పైగా నేను "మగపిల్లాడివి, అరవచ్చు కదరా" అన్నాను. ఆ మాట నా గొంతులో ఇంకా ముల్లులా ఉంది.

మెట్లదారి:
@పాతసైకిల్ కంగారులో చాలామంది చేసేదే అండీ. కానీ జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగితే నిజమైన కేసు కూడా బలహీనపడుతుంది. అమెరికాలో మెక్‌మార్టిన్ అనే ప్రీస్కూల్ సిబ్బంది పిల్లల్ని లైంగికంగా వేధించారన్న కేసు 1983లో మొదలై 1990లో ఒక్క శిక్షా పడకుండా ముగిసింది. పిల్లల్ని అడిగిన తీరే అక్కడ పెద్ద వివాదం. ఇప్పుడు శిక్షణ ఉన్నవాళ్లు "ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు", "ఆ తర్వాత?" అని వదిలేస్తారు. ఇంట్లో మన పని ఇంకా తక్కువ. వినాలి, "నువ్వు చెప్పడం మంచిదైంది, తప్పు నీది కాదు" అనాలి, పిల్ల వాడిన మాటలే వాడినట్టు రాసుకోవాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయకండి, చెప్పాల్సి వస్తుంది. అవతలి మనిషిని పిల్ల ఎదుటే నిలదీయడం కూడా వద్దు.

గాలిపటం22:
డాక్టర్లు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. అంటే జరగనట్టేనా?

తెల్లకోటు:
కాదు. నేను నర్సుని. జరిగిన పిల్లల్లో కూడా ఎక్కువమందికి పరీక్షలో ఏ గుర్తూ కనిపించదు. శరీరం త్వరగా మానుతుంది, పైగా చాలా రకాల చేష్టలు గుర్తు మిగల్చవు. అలాగని ఆగొద్దు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. ఈ మధ్యే జరిగిందని తెలిస్తే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా తీసుకురండి.

రెండోబెంచి:
@వానచినుకు మీరు చెయ్యి ఆపడం తప్పేం కాదు. పాప మళ్లీ మీ దగ్గరికే వచ్చింది కదా.

వానచినుకు:
అందరికీ థాంక్స్. నిన్న జడ వేస్తుంటే తనే అడిగింది, "ఆ రోజు దువ్వెన ఎందుకు ఆపేశావ్?" అని. భయమేసిందే అన్నాను. "నా మీద కోపం వచ్చిందనుకున్నా" అంది. కాదని చెప్పాను. కాసేపాగి, "సరే, రెండో జడ గట్టిగా వెయ్యి, అది ఊడిపోతోంది" అంది.