అమ్మకు టూడీ ఎకో (గుండె స్కానింగ్) రాశారు, ఎట్లా చేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
అమ్మకు 61. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే డాక్టర్ గారు ఈసీజీ చూసి, టూడీ ఎకో చేయించుకు రమ్మన్నారు. "గుండెకు కరెంటు పెడతారా, సూదులు గుచ్చుతారా" అని రాత్రి నుంచి ఒకటే గుబులు. పరగడుపున పోవాలా? గోళీలు వేసుకోవచ్చా? మగవాళ్లు చేస్తే జాకెట్ తీయాల్సొస్తుందేమో అన్నది ఆమె అసలు భయం, పైకి అనట్లేదు.

జవాబు (ఎకో టెక్నీషియన్, పంజాగుట్ట వైపు):
అక్కా, నేను రోజూ చేసే పనే ఇది. ముందు ఆ అసలు భయం సంగతి. ఛాతీ ఎడమవైపు మాకు అందాలి కాబట్టి జాకెట్ హుక్కులు విప్పాల్సిందే. ముందు హుక్కులున్న జాకెట్, చీర కట్టుకొస్తే సుళువు, పైన గుడ్డ కప్పమని అడగండి. ఆడవాళ్లే చేయాలంటే అపాయింట్‌మెంట్ అప్పుడే ఫోన్లో చెప్పండి. కుదరకపోతే గదిలో ఒక నర్సమ్మను ఉంచమని గట్టిగా అడగండి. అందులో మొహమాటం ఏమీ వద్దు.

కరెంటు లేదు, సూదులు లేవు, రేడియేషన్ కూడా లేదు. వట్టి శబ్ద తరంగాలు. తిని రావచ్చు, గోళీలు వేసుకోవచ్చు. గొంతులోంచి గొట్టం పంపే ఎకో వేరే, పరగడుపు దానికి. షుగర్ ఉన్న పెద్దవాళ్లను పస్తు పెట్టి తీసుకొస్తుంటారు, వాళ్ల చేతులు వణుకుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మూడు స్టిక్కర్లు అంటించి, ఎడమ పక్కకు తిప్పి, ఎడమ చేయి తల కింద పెట్టుకోమంటాం. అట్లా తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరికొస్తుంది. జెల్ చల్లగా ఉంటుంది. ప్రోబ్‌ను, అంటే బొమ్మ తీసే చేతి పరికరాన్ని, పక్కటెముకల సందుల్లో ఒత్తుతాం, బక్కగా ఉన్నవాళ్లకు కాస్త నొప్పి తెలుస్తుంది, చెబితే ఒత్తిడి తగ్గిస్తాం. "ఊపిరి వదిలి ఆపండి" అంటాం, ఊపిరితిత్తుల్లో గాలి బొమ్మకు అడ్డొస్తుంది మరి. మధ్యలో మిషన్ "ఉష్ ఉష్" అంటుంది, అది లోపల రక్తం పారే వేగాన్ని వినిపించే డాప్లర్. మొన్న ఒక పెద్దమ్మ తెర మీద నీలం రంగు చూసి "నా రక్తం చెడిపోయిందా బిడ్డా" అని నా చేయి పట్టుకుంది. ఎరుపంటే ప్రోబ్ వైపు వస్తున్న రక్తం, నీలమంటే దూరంగా పోతున్నది, అంతే. ఇదంతా అరగంట, అటూ ఇటూ. మేం మాట్లాడకపోతే కొలతలు తీస్తున్నామని అర్థం. అమ్మకు ఇది ముందే చెప్పండి, మా మొహాలు చూసి చాలామంది హడలిపోతారు.

జవాబు (మలక్‌పేట నుంచి):
మా నాన్న రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం అని ఉంటే, గుండె నలభై వంతులు పోయిందని చుట్టాలంతా ఏడుపు మొదలెట్టారు. ఇది కూడా కాస్త చెప్పండి మేడమ్.

జవాబు (ఎకో టెక్నీషియన్):
ఈఎఫ్ అంటే వందకు వేసే మార్కు కాదండీ. ఎడమ జఠరికలో, అంటే ఒళ్లంతటికీ రక్తం పంపే గుండె గదిలో, నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత బయటికి నెడుతోందో ఆ లెక్క. దాదాపు 55 నుంచి 70 మామూలే. "గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్" (దెబ్బకూ దెబ్బకూ మధ్య గుండె సరిగ్గా సడలకపోవడం, మొదటి దశ) అన్న మాట కూడా వయసు, బీపీ ఉన్నవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. డాక్టర్ గారిని అడగండి, గూగుల్‌ని కాదు.

ఇంకొక్కటి అక్కా. ఎకో బాగుందంటే బ్లాకులు లేవని కాదు. గుండె రక్తనాళాల్లో అడ్డంకులు ఇందులో నేరుగా కనపడవు. రిపోర్టు బాగుండి కూడా ఆయాసం తగ్గకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. ఈలోపు ఛాతీలో బరువు, చెమటలు వస్తే ఎకో తేదీ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పాత ఈసీజీలు, ఎకో రిపోర్టులు ఉంటే సంచిలో పెట్టుకుని రండి.