బోరు నీళ్లు నేరుగా కుళాయికా, మిద్దె మీది ట్యాంకుకా?

నల్గొండ అబ్బాయి

మా అమ్మానాన్నలు నల్గొండ జిల్లాలోని పల్లెలో ఉంటారు. నిరుడు పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేశాం. బోరు ఆరున్నర అంగుళాలది, లోతు 320 అడుగులు, నీళ్లు ఇంచు లోపే, అంటే ఊట తక్కువ. నీటి మట్టం సంక్రాంతికి 140 అడుగుల దగ్గర, మే నెలలో 210 అడుగుల దగ్గర ఉంటుంది. ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాం కానీ, షవరు తిప్పితే నీళ్లు దారంలా కారుతున్నాయి, వాషింగ్ మెషీన్ నీళ్లు చాలక మధ్యలోనే ఆగిపోతోంది.

ట్యాంకు తీసేసి బోరు మోటారుకే ప్రెషర్ ట్యాంకు (నీళ్లను గాలి ఒత్తిడితో పట్టి ఉంచే మూసిన డ్రమ్ము), ప్రెషర్ స్విచ్ (ఒత్తిడి తగ్గితే మోటారును వేసి, పెరిగితే ఆపేది) బిగిద్దామని తమ్ముడు అంటున్నాడు. కుళాయి తిప్పితే మోటారు దానంతట అదే నడుస్తుంది, నాచు పట్టదు, మోకాళ్ల నొప్పులున్న నాన్న మిద్దె ఎక్కి ట్యాంకు కడగాల్సిన పని ఉండదు అన్నది వాడి వాదన. నాన్న మాత్రం "కరెంటు పోతే చెంబెడు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తావురా" అని ఒకటే మాట మీద ఉన్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దేవరకొండ మెకానిక్

నేను ఇరవై ఏళ్లుగా మోటార్లు దించుతూ, లాగుతూ, వైండింగ్ చేస్తూ బతుకుతున్నవాణ్ణి. మీ నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం, అయితే కారణం కరెంటు పోవడం ఒక్కటే కాదు.

ముందు లెక్క చూడండి. 2.31 అడుగుల నీటి ఎత్తుకు ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడి. మీ బోరులో ఎండాకాలం మోటారు నడుస్తున్నప్పుడు మట్టం 270 అడుగులకు దిగుతుందనుకుంటే, ట్యాంకు పైవరకు కలిపి మోటారు సుమారు 290 అడుగులు ఎత్తితే చాలు. అదే ప్రెషర్ ట్యాంకును 60 పీఎస్ఐ వరకు నింపాలంటే నేల మట్టం దాటాక ఇంకో 138 అడుగులు ఎత్తినంత పని ఉంటుంది, అంటే మొత్తం 408 అడుగులు. ఒక హెచ్‌పీ సరిపోయే చోట ఒకటిన్నర హెచ్‌పీ దించాలి. షవరు కోసం ఇంట్లోని ప్రతి నీటి చుక్కనూ, గేదెలు తాగే కుడితి నీళ్లతో సహా, ఆ ఎత్తుకు ఎక్కించడం నాకు వృథాగానే తోస్తుంది.

రెండవది, మోటారు ఎన్నిసార్లు ఆన్ అవుతుందన్నది. వంద లీటర్ల ప్రెషర్ ట్యాంకులో వంద లీటర్ల నీళ్లు వాడుకోవడానికి దొరకవు. లోపల రబ్బరు సంచికి ఇవతల గాలి ఉంటుంది కాబట్టి, 40 పీఎస్ఐ దగ్గర ఆన్, 60 దగ్గర ఆఫ్ అని పెడితే మోటారు నడవకుండా మీకు వచ్చేది 26 లీటర్లే. మార్కెట్లో ఎక్కువగా అంటగట్టే 24 లీటర్ల ట్యాంకైతే ఆరు లీటర్లు. నిమిషానికి ఎనిమిది లీటర్లు పోసే కుళాయి కింద అమ్మ బట్టలు జాడిస్తూ కూర్చుంటే, ఆ చిన్న ట్యాంకుతో మోటారు నిమిషానికోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు ప్రతి ఆరంభంలోనూ మామూలు కంటే ఎన్నో రెట్లు ఆంపియర్లు గుంజుతుంది. ఆన్ అయిన ప్రతిసారీ ఒక నిమిషమైనా నడవాలని మేము చెప్పేది అందుకే. సాయంత్రం వోల్టేజీ 170కి పడిపోయినప్పుడు స్విచ్ మోటారును లేపబోతే అది మూలుగుతుంది తప్ప తిరగదు. ఆ తర్వాత ఉబ్బిన కెపాసిటర్‌నో, నల్లబడిన వైండింగ్‌నో నా దగ్గరికి తెస్తారు. ట్యాంకు ఉంటే వోల్టేజీ బాగున్న వేళ చూసి మోటారు వేసుకోవచ్చు.

గోదావరి లంక

మెకానిక్ గారి లెక్కను తప్పుపట్టను కానీ, అది రాతినేలల లెక్క. మా కోనసీమలో అరవై అడుగుల ఫిల్టర్ పాయింటు (ఇసుక పొరలోకి దించే సన్న బోరు) వేస్తే నీళ్లు పన్నెండు, పదిహేను అడుగులలోనే ఉంటాయి. మోటారును బోరులోకి దించే పనే లేదు, అర హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) గట్టు మీదే కూర్చుంటుంది. (నీటి మట్టం పాతిక అడుగులు దాటితే మాత్రం పైన ఉన్న మోటారు పీల్చలేదు, కనుక ఈ పద్ధతి నల్గొండకు పనికిరాదని ఒప్పుకుంటున్నాను.) మా ఇంట్లో వంద లీటర్ల ప్రెషర్ ట్యాంకు పెట్టి ఆరేళ్లయింది. ఏడాదికోసారి నీళ్లన్నీ వదిలేసి, బైకు టైరుకు ఉండేలాంటి వాల్వు దగ్గర గాలి కొలిచి, ఆన్ అయ్యే ఒత్తిడి కంటే రెండు పీఎస్ఐ తక్కువగా ఉండేలా నింపుతాను. ఇంతవరకు చేసిన మరమ్మతు అదే. మిద్దె ట్యాంకులో పిట్ట ఈకలు, మే నెల మధ్యాహ్నం సలసల కాగే నీళ్లు గుర్తుంటే ఎవరూ దాన్ని అంతగా వెనకేసుకురారు.

టెక్సాస్ తెలుగు

ఇక్కడ ఆస్టిన్ ఊరి బయట మాకూ బోరే ఆధారం. ఇంటింటికీ ప్రెషర్ ట్యాంకులే తప్ప మిద్దె ట్యాంకు కనిపించదు. వోల్టేజీ నిలకడగా ఉంటుంది కాబట్టి మెకానిక్ గారు చెప్పిన బాధ మాకు లేదు. కానీ 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు బోరులో నీళ్లున్నా కుళాయిలో చుక్క రాలేదు, పెరట్లోని మంచును గిన్నెలకెత్తి కరిగించి మరుగుదొడ్డిలో పోసుకున్నాం. ఊళ్లో మా అమ్మ ఫోనులో ఆ సంగతి విని, "అమెరికాలో ట్యాంకు కట్టుకోలేదా" అని నవ్వింది.

అనంతపురం టీచరమ్మ

రెండింటి మధ్య దారి ఒకటి ఉంది. మేము మిద్దె ట్యాంకును అలాగే ఉంచి, దాని నుంచి స్నానాల గదులకు దిగే పైపుకు మాత్రం చిన్న బూస్టర్ పంపు బిగించాం. కుళాయి తిప్పగానే నీటి కదలికను గుర్తించి నడుస్తుంది. వంటింటికి, పెరటికి మామూలు పైపే. బూస్టర్ పక్కనే ఇంకో పైపు వేసి అందులో ఎన్‌ఆర్‌వీ (నీళ్లను ఒక వైపుకే పోనిచ్చే వాల్వు) పెట్టించాం కాబట్టి కరెంటు లేనప్పుడు నీళ్లు ఆ దారిన వాటంతటవే దిగుతాయి, ధార సన్నగా ఉంటుంది, అంతే.

ఇందులోనూ బాధలు లేకపోలేదు. ఒకసారి రాత్రి రెండు గంటలకు గుర్రుమని శబ్దం వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంటే దొంగలేమోనని మావారు కర్ర పట్టుకుని లేచారు. తీరా చూస్తే ఫ్లష్ ట్యాంకులో రబ్బరు వాషరు అరిగి నీళ్లు కారుతున్నాయి. పగలు ఆ కారడం ఎవరికీ తెలియనే లేదు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కనుక ఆరు నెలలకోసారి బూస్టర్‌లో నీటి కదలికను గుర్తించే ఫ్లో స్విచ్ విప్పి, లోపలి తెల్లటి పెచ్చును నిమ్మరసంలో నానబెట్టి తీయాలి. ఇంకొక హెచ్చరిక ఏమిటంటే, మిద్దె మీద గాలి గొట్టం ఉన్న సోలార్ హీటరు ఉంటే బూస్టర్ నీళ్లను దానిలోకి పంపకూడదు, ఆ డ్రమ్ము ఒత్తిడిని తట్టుకునేలా చేసినది కాదు.

నల్గొండ అబ్బాయి

తమ్ముడికి ఇవన్నీ చదివి వినిపించాను. వాడు వెంటనే, మోటారు వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ నడిపే డ్రైవ్ పెడితే ఆన్ ఆఫ్ సమస్యే ఉండదు కదా అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు.

దేవరకొండ మెకానిక్

డ్రైవ్ పెడితే మెల్లగా లేస్తుంది, నిజమే. కానీ మీరు దించే మామూలు సింగిల్ ఫేజ్ మోటారు కెపాసిటర్‌తో నడిచేది, డ్రైవ్‌కు పనికిరాదు. త్రీ ఫేజ్ మోటారు కొని, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్ పెట్టాలి. పిడుగు పడిన రాత్రి అది పోతే పల్లెలో బాగుచేసేవాడు దొరకడు. పైగా మీ అసలు ఇబ్బంది ఊట తక్కువగా ఉండటం, దాన్ని ఏ డ్రైవూ పెంచలేదు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్ల నీళ్లు నిలుస్తాయి. మోటారు 290 అడుగుల దగ్గర ఉంటే, మే నెలలో 210 నుంచి అక్కడికి ఎనభై అడుగులు, అంటే 520 లీటర్లు నిల్వ. అవి లాగేశాక ఊట కోసం ఆగాలి. అందుకే పొద్దున సగం ట్యాంకు, మధ్యాహ్నం సగం ట్యాంకు నింపమంటాను. దానికి టైమరు, ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోటు స్విచ్, స్టార్టర్ డబ్బాలో నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రక్షణ పెట్టించండి. బేరింగులకు నీళ్లే నూనె, పొడిగా నడిస్తే అవి ముందు పోతాయి, తర్వాత 290 అడుగుల పైపును మోటారుతో సహా పైకి లాగడానికి నలుగురు మనుషుల కూలీ.

స్టార్టర్ డబ్బా తలుపు బిగుతుగా ఉందో లేదో కూడా చూసుకోండి. పోయిన నెల ఒక ఇంట్లో మోటారు కాలిపోయిందని పైకి లాగడానికి సిద్ధపడ్డారు, నేను డబ్బా తెరిస్తే కాంటాక్టుల మధ్య బల్లి ఎండిపోయి అతుక్కుని ఉంది. దాన్ని తీసి, పాయింట్లను గరుకు కాగితంతో రుద్దితే మోటారు లేచింది.

ఒక సంగతి ముందే అడగాల్సింది. మీ ట్యాంకు నుంచి కిందికి వేసిన పైపు ఎంత లావు?

నల్గొండ అబ్బాయి

అర అంగుళం. ట్యాంకు అడుగు నేల నుంచి 14 అడుగుల ఎత్తున, షవరు ఏడడుగుల దగ్గర ఉన్నాయి.

దేవరకొండ మెకానిక్

మిగిలిన ఏడడుగులకు మీకు వచ్చేది మూడు పీఎస్ఐ, దాన్నీ అర అంగుళం పైపు మింగేస్తోంది. ముందు ట్యాంకు నుంచి స్నానాల గది గోడ వరకు ఒకటింబావు అంగుళం పైపు వేసి, షవరు దగ్గర మాత్రమే తగ్గించండి. ట్యాంకు వాల్వు దాటగానే గాలి పోవడానికి ఒక నిలువు గొట్టం పెట్టండి. వాషింగ్ మెషీన్ దానితోనే నిండవచ్చు. అప్పటికీ షవరు చాలకపోతే టీచరమ్మగారు చెప్పినట్టు బూస్టర్ కొనండి.

గోదావరి లంక

ఏడడుగుల తేడాతో షవరు కింద నిలబడి స్నానం చేసినవాళ్లను నేను చూడలేదు. పైపు మార్చిన నెలకు బూస్టర్ కొనక తప్పదు, రెండూ ఒకేసారి చేయిస్తే ప్లంబరు కూలీ మిగులుతుంది.

నల్గొండ అబ్బాయి

ఈ ఆదివారం పైపు మార్పిస్తున్నాం. బూస్టర్ కోసం గోడలో రెండు టీలు, మధ్యలో గేట్ వాల్వు, ఒక ప్లగ్గు పాయింటు మాత్రం ఇప్పుడే పెట్టించమని తమ్ముడు పట్టుబట్టాడు, నాన్న ఒప్పుకున్నారు. ట్యాంకు కడగడానికి మిద్దె ఎక్కే పని నెలకోసారి వాడే చేస్తానన్నాడు.