సిర్రోసిస్ ఉన్న మనిషికి ఈఆర్‌సీపీ: చేయించాలా, ఆగాలా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మా మేనమామకు సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం), పొట్టలో నీరు కూడా ఉంది. ఇప్పుడు పిత్తనాళంలో రాయి అడ్డుపడింది. కళ్లు పచ్చబడ్డాయి, నిన్నటి నుంచి చలిజ్వరం. రేపే ఈఆర్‌సీపీ (నోట్లోంచి ఎండోస్కోపీ గొట్టం పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేసి తీద్దామంటున్నారు డాక్టరు గారు. కావలి నుంచి వచ్చిన బంధువొకాయన మాత్రం, లివర్ పాడైనవాళ్లకు అది చేస్తే రక్తం ఆగదు, ముందు పసరు మందు పోయిద్దాం అంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్.

ఒంగోలుగిత్త:
పసరు సంగతి వదిలేయండి. రక్తం గురించి ఆయన భయం మాత్రం నిజమే అన్నా. పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట కోత పెట్టి రాయి తీస్తారు. మామూలు మనుషుల్లోనే నూటికి ఒకరిద్దరికి అక్కడ రక్తస్రావం అవుతుంది, లివర్ ఎంత పాడైందో చెప్పే చైల్డ్-ప్యూ లెక్కలో సి గ్రేడు, అంటే బాగా ముదిరిన సిర్రోసిస్‌లో ఇంకా ఎక్కువ. ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు భయం ఎలాగూ ఉంది. నేనైతే యాంటీబయాటిక్స్ వాడుతూ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష, ఎక్కువుంటే ఆలస్యంగా గడ్డకడుతుందని) దిగేదాకా ఆగుతాను. తొందరేముంది?

సోమశిలగాలి:
తొందర ఉంది తమ్ముడూ, చలిజ్వరం అని రాశారుగా. నేను ఎండోస్కోపీ గదిలో టెక్నీషియన్‌ని. కామెర్లతో పాటు చలిజ్వరం వస్తే నాళంలో ఇన్ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. మందులతో జ్వరం దిగినా అడ్డు పోకపోతే తిరగబెడుతుంది. అది రక్తంలోకి పాకితే సిర్రోసిస్ మనిషి తట్టుకోవడం కష్టం.

డాక్టరు గారిని అడగాల్సింది కోత పెడతారా, స్టెంట్‌తో (నాళంలో ఉంచే చిన్న గొట్టంతో) సరిపెడతారా అని. కోత లేకుండా సన్నటి ప్లాస్టిక్ స్టెంట్ వేస్తే పైత్యరసం దిగిపోతుంది, రాయిని తర్వాత స్థిమితంగా తీయొచ్చు. బెలూన్‌తో నాళం నోరు వెడల్పు చేసే పద్ధతీ ఉంది. దాంట్లో రక్తం తక్కువే గానీ, ప్యాంక్రియాస్ వాపు ముప్పు కాస్త ఎక్కువ. స్టెంట్ వేస్తే మూడు నెలల్లోపు తీయించాలి లేదా మార్పించాలి. మనవాళ్లు రొయ్యల పట్టుబడిలో పడి ఇదే మర్చిపోతారు, అది మూసుకుపోయి మళ్లీ జ్వరంతో వస్తారు.

ఒంగోలుగిత్త:
మరి ఐఎన్ఆర్ ఎక్కువుంటే?

సోమశిలగాలి:
అది రెండు రకాలుగా పెరుగుతుంది. పైత్యరసం పేగులోకి దిగకపోతే ఒంటికి విటమిన్ కె అందదు. అలా పెరిగినదైతే విటమిన్ కె ఇంజెక్షన్‌తో చాలావరకు దిగుతుంది. లివర్ చేతగాక పెరిగినది అంతగా దిగదు. చైల్డ్-ప్యూ గ్రేడు కూడా అంతే, ఆ లెక్కలో బిలిరుబిన్ ఒక భాగం. రాయి వల్ల అది పెరిగి బి గ్రేడు మనిషి కాగితం మీద సి గా కనిపించొచ్చు.

ఒంగోలుగిత్త:
జ్వరం ఉన్న కేసు కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటా. జ్వరం లేకపోయినా, స్కానింగ్‌లో అనుమానం వచ్చిందని గొట్టం వేసేవాళ్ల సంగతేంటి? ఎంఆర్‌సీపీ అంటే పిత్తనాళానికి తీసే ఎంఆర్ఐ స్కానింగే, దాంట్లో గొట్టమూ లేదు, కోతా లేదు. సిర్రోసిస్ మనిషికి ముందు దాంతో రాయి ఉందని తేల్చుకోకుండా ఈఆర్‌సీపీకి దిగడం నాకు నచ్చదు.

సోమశిలగాలి:
ఆ మాటకు నేనూ ఓటేస్తా.

పెన్నాగట్టు:
ఎంఆర్‌సీపీ అయింది, రాయి ఖాయం. చెన్నై తీసుకెళ్దామని మా బావ పట్టు.

సోమశిలగాలి:
చలిజ్వరం మనిషిని 175 కిలోమీటర్లు తిప్పడం దేనికి? ఇవి తరచూ చేసే డాక్టరు నెల్లూరులోనే ఉంటే ఇక్కడే కానివ్వండి. మామయ్య పగలు మగతగా ఉంటున్నా, మాట తడబడుతున్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, లివర్ జబ్బులో మత్తు తొందరగా దిగదు. ప్యాంక్రియాస్ వాపు రాకుండా మలద్వారంలో ఇండోమెథాసిన్ అనే నొప్పి, వాపు తగ్గించే మందు పెడుతుంటారు. పొట్టలో నీరున్నవాళ్లకు దాంతో కిడ్నీల భయం ఉంది, అదీ అడగండి. ఖర్చు విషయం ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రతో ఈ రాత్రే మాట్లాడండి.